లాడాల గోడ

తోటి తెలుగువాళ్ళ కోసం జైలుకెళ్ళిన త్యాగమూర్తి అని మొన్న సంస్మరణ సభలో మైకు పట్టుకున్న ప్రతివాడూ ఆయన గురించి చెప్పాడు. నేను ఒప్పుకోను. కంపెనీ ఇనుము కాజేసి దొరికిపోయాడని సౌదీలోని జుబైల్లో ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు కొందరు ఇప్పటికీ అంటారు. అదీ ఒప్పుకోను. ఆ రెండు కథలూ చెప్పేవాళ్ళకి వీలుగా ఉంటాయి, అంతే. మొదటిది చెబితే కళ్ళు తుడుచుకుని కాఫీ తాగొచ్చు. రెండోది చెబితే ఆ రోజు తాము నోరెత్తనందుకు సిగ్గుపడక్కర్లేదు.

సభ హైదరాబాదులో ఒక కల్యాణమండపం మేడ మీద జరిగింది. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళ సంఘం పెట్టింది. అప్పట్లో మా ఆయన ఇంజనీరుగా ఉన్న కంపెనీలో వెల్డరుగా పనిచేసిన పోశెట్టి ఆర్మూరు దగ్గర్నుంచి బస్సులో వచ్చాడు. వేదిక ఎక్కి, కుడిచెయ్యి పైకెత్తి, "గీ చెయ్యి సారు పెట్టిన భిక్ష" అన్నాడు. ఇంకేముంది, హాలంతా ముక్కులు చీదుకుంది. నేను లేచి "కాదు" అనబోయాను. మా ఆయన నా చీరకొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. అక్కడ అననిచ్చి ఉంటే ఇక్కడ రాసే పని తప్పేది.

ఆయన పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే. ఇంజనీర్లు వెటకారంగా "లాడాల దొర" అనేవాళ్ళు. వర్కర్లు "సారు" అనేవాళ్ళు. నేను "అన్నయ్యగారూ" అనేదాన్ని, తగువు ముదిరితే "ఏవండీ లెక్చరర్ గారూ" అనేదాన్ని. శుక్రవారం అక్కడ సెలవు, ఆయన మా ఇంటికొచ్చే రోజు. తగువు ముదరని శుక్రవారం నాకు గుర్తులేదు.

గోదావరి జిల్లాలో ఏదో కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఎందుకు మానేశాడో, సౌదీకి ఎందుకొచ్చాడో ఎవరడిగినా చెప్పలేదు. మా కంపెనీలో డ్రాయింగులకీ ఉత్తరాలకీ నంబర్లు వేసి బీరువాల్లో సర్దే పని ఇచ్చారు. ఎండకి తారురోడ్డు మెత్తబడే రోజుల్లో కూడా పొడుగుచేతుల తెల్లచొక్కా, మెడదాకా బొత్తాలు. ఎవరింటికొచ్చినా గుమ్మం అవతల ఆగి, తన రాకని ఎవరో ప్రకటిస్తారన్నట్టు ఒక క్షణం నిలబడేవాడు. "రండి, రండి, మేళతాళాలు ఇవాళ సెలవులో ఉన్నాయి" అనేదాన్ని. నవ్వేవాడు కాదు. లోపలికొచ్చి కుర్చీలో వెనక్కి జారబడి, చూపుడువేలు లేపి, "అలా కాదమ్మా" అని మొదలుపెట్టేవాడు. మనం ఏమన్నా సరే ఆయన మొదటి మాట అదే. "బయట ఎండగా ఉంది కదూ" అన్నా "అలా కాదమ్మా" అనే.

ఆయన గొడవంతా రట్లాండ్ గురించి. అది ఇంగ్లండులో ఒక కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, సైజుకి మాత్రం మన తాలూకా. మా కంపెనీ మేనేజరు ఆ కౌంటీవాడు. తీరిక దొరికినప్పుడల్లా ఆ కౌంటీ చరిత్ర, అక్కడి ప్రభువుల వంశాల కథలు పుస్తకంగా రాసుకునేవాడు. దాన్ని టైపు చేసిపెట్టేది మనవాడు. అది ఆయన ఉద్యోగంలో భాగం కాదు. అందరూ అన్నం తినే గంటలో చేసేవాడు.

"ఊరికే చేసిపెడుతున్నారా?" అన్నాను ఒకసారి.

"అలా కాదమ్మా. ఊరికే చదువుకుంటున్నాను."

"చదువుకోవడానికి మన చరిత్ర కరువైందా? మన జమీందార్ల కథలు చెబితే ముక్కు చిట్లిస్తారు. ఆ తెల్లదొరల ముత్తాతలెవరో మీకు మేనమామలైనట్టు మాట్లాడతారు."

"చరిత్రలో చిన్న ఊరు ఉండదు చెల్లెమ్మా. చిన్న బుద్ధులుంటాయి."

ఆ మాట నన్నే అన్నాడని తెలిసి కూడా ఊరుకున్నానంటే, ఆ రోజు ఇంట్లో చుట్టాలున్నారన్నమాట.

నిజం చెప్పాలంటే కథలు బాగా చెప్పేవాడు. రట్లాండ్ ఇంగ్లండులోకెల్లా చిన్న కౌంటీ అట. ప్రభుత్వం దాన్ని రద్దు చేసి పక్క కౌంటీలో కలిపేసిందట. మేనేజరు మాత్రం ఇంటికి రాసే ఉత్తరాల మీద ఆ లేని కౌంటీ పేరే రాసేవాడట. "లేని ఊరికి కూడా ఉత్తరం చేరుతుందమ్మా, రాసేవాడు మొండివాడైతే" అని మురిసిపోయేవాడు. పోనీ ఆ రట్లాండ్ ఎర్ల్ గారి కోట ఎక్కడుందంటే, రట్లాండ్‌లో లేదు, పక్క కౌంటీలో ఉంది. "మన కఫీల్ లాగే. బతికేది మనం జుబైల్లో, మన యజమాని ఎక్కడో రియాద్‌లో" అన్నాను. ఆ ఒక్క మాటకి మాత్రం "అలా కాదమ్మా" అనలేదు.

రట్లాండ్‌లో పుట్టిన ఒక మరుగుజ్జుని ఒక డ్యూక్ గారు పెద్ద రొట్టెలో దాచి, రాజుగారి విందులో బల్లమీద పెట్టించాడట. కోస్తే మనిషి లేచి నిలబడ్డాడట. అందరూ చప్పట్లు. ఆ కథ విని నేను వడ్డిస్తున్న గరిటె పక్కన పెట్టేశాను. ఇంకో కథ అంతకంటే పాడుది. ఒక ఎర్ల్ గారింట్లో పనిచేసే పిల్లని, దొంగబుద్ధి అని పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఎర్ల్ గారి కొడుకులిద్దరూ ఒకరి తర్వాత ఒకరు జబ్బుచేసి పోయారు. పిల్లవాడి చేతితొడుగు ఎత్తుకుపోయి దానిమీద చేతబడి చేసిందన్నారు. ముందు దొంగ, తర్వాత మంత్రగత్తె. తల్లి జైలుకి తీసుకెళ్ళే దారిలోనే చచ్చిపోయింది. కూతుళ్ళిద్దర్నీ ఉరితీశారు. కొడుకులు చేతబడి వల్లే పోయారని ఎర్ల్ గారు తన సమాధి మీద చెక్కించుకున్నాడట, ఇప్పటికీ ఉందట.

"ఆ పిల్ల సమాధి మీద ఏమని ఉంది?" అన్నాను.

"ఉరితీసినవాళ్ళకి సమాధేమిటమ్మా" అని మజ్జిగ అడిగాడు.

అలాంటి మనిషిని పట్టుకుని కార్మికపక్షపాతి అంటే ఎలా? ఆయనకి ప్రభువులంటే భక్తి. పాసిపోయిన అన్నం వాసనలా తెలిసిపోయేది.

ఇక ఆ గోడ సంగతి. రట్లాండ్‌లో ఓకం అని ఒక ఊరుంది. ఎంత గొప్ప ప్రభువైనా, రాజైనా, రాణైనా, మొదటిసారి ఆ ఊళ్ళో అడుగుపెడితే అక్కడి కోటకి ఒక గుర్రపు లాడం సమర్పించుకోవాలి. ఇవ్వకపోతే కుదరదు. వందల ఏళ్ళుగా ఇచ్చిన లాడాలన్నీ ఆ కోట హాల్లో గోడలనిండా వేలాడుతుంటాయి. ఒక్కోదానిమీద ఒక కిరీటం, ఇచ్చినవాడి పేరు. లాడాన్ని తలకిందులుగా వేలాడదీస్తారు, దయ్యం దాని ఒంపులో కూర్చోకుండా.

ఈ కథ ఆయన ఒక శుక్రవారం తన గదిలో వర్కర్లకి చెప్పాడు. బ్యాచిలర్ల షెడ్లలో చివరిది ఆయన గది. చివరిది కాబట్టి ఒక గోడ పొడుగ్గా, ఖాళీగా ఉండేది. నిజామాబాదు, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన వెల్డర్లు, ఫిట్టర్లు ఉత్తరాలు రాయించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు. కథ విని పోశెట్టి అన్నాడట, "సారూ, మరి మేం గీ ఊరికొచ్చినప్పుడు మా దగ్గర పాస్‌పోర్టులు గుంజుకున్నరు గదా. గా ప్రభువుల దగ్గర ఇనుమే తీసుకున్నరు. వాళ్ళే నయమున్నరు." మనవాడు తన ఖాళీ గోడవైపు చూశాడట. తర్వాత "అయితే మీరూ ఇవ్వండి. ఈ గదికి" అన్నాడట.

గుర్రాల్లేని ఊళ్ళో లాడాలెక్కడివి? వర్క్‌షాపు మూల పడున్న కడ్డీముక్కని పోశెట్టి లాడంలా వంచి, పైన ఒక కిరీటం అతికించి, వెల్డింగు రాడ్డుతోనే తెలుగులో తన పేరు రాశాడు. ఉబ్బెత్తుగా, చేత్తో తడిమితే తెలిసేలా. పోశెట్టి మనం రాసే కలంతో సరిగ్గా రాయలేడు, రాడ్డుతో మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు. దాన్ని చూసి మిగిలినవాళ్ళు. నెలలు తిరిగేసరికి గోడ సగం నిండింది. మనవాడు ఒక్కొక్కరికీ బిరుదులిచ్చాడు. ఆర్మూరు ఎర్ల్, బోధన్ డ్యూక్, జగిత్యాల మార్క్విస్.

"డ్యూక్ సాబ్, బాత్రూమ్ ఖాళీ జెయ్యి. ఎర్ల్ గారికి అర్జెంటు" అని అరుచుకునేవాళ్ళు షెడ్లలో. మేం ఉగాదికి అక్కడికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆ గోడ చూశాను. బాగుందని మాత్రం అనలేదు. "కూలీలకి కిరీటాలు పెట్టి ఆడుకుంటున్నారా?" అన్నాను.

"అలా కాదమ్మా. నేను ఆడుకోవట్లేదు. వీళ్ళ పేరు ఈ దేశంలో ఇంకెక్కడ రాసుందో చూపించు."

"ఇకామా కార్డు మీద" అన్నాను. ఆ దేశంలో ఉండనిచ్చే పర్మిట్టు అది.

"అది కఫీల్ పేరు కింద రాసిన పేరు."

మేనేజరు కూడా ఒకసారి వచ్చి చూశాడు. తెగ నవ్వాడు. "తలకిందులుగా పెట్టారు, మంచిది, అదే పద్ధతి" అని మెచ్చుకుని, ఫోటో తీసుకున్నాడు. పనికిరాని ముక్కలు వాడుకోవచ్చని వర్క్‌షాపు ఫోర్‌మన్‌కి నోటిమాటగా చెప్పాడు కూడా. "మరి మీది?" అని మనవాడు అడిగితే, "నేను ప్రభువుని కాదుగా" అన్నాడు. నేనూ మా ఆయనా అక్కడే ఉన్నాం. ఇది విన్నమాట కాదు.

తర్వాత కువైట్ యుద్ధమొచ్చింది. మేనేజరు, ఆయన దేశం వాళ్ళు, మంచి మంచి సంచులతో ముందే విమానమెక్కారు. వెళ్ళేముందు తన పుస్తకం టైపు ప్రతిని మాత్రం మరిచిపోకుండా తీసుకెళ్ళాడు. మా పాస్‌పోర్టులు కఫీల్ సేఫ్‌లో ఉన్నాయి. సైరన్ మోగితే మేం తడి తువ్వాళ్ళు తలుపు సందుల్లో కుక్కి కూర్చునేవాళ్ళం. గ్యాస్ మాస్కులు ముందు పెద్ద ఉద్యోగులకిచ్చారు, తర్వాత అయిపోయాయన్నారు. కువైట్ చమురుబావులు తగలబడ్డాక మధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సొచ్చేది. ఆరేసిన బట్టల మీద మసి పడేది.

మసిపట్టిన ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పోశెట్టి ఆయన గదికి ఒక కొత్త లాడం పట్టుకొచ్చాడు. ఆయనకి కూరా చారూ ఇచ్చి వద్దామని మేం కూడా వెళ్ళాం. లాడం మీద ఆయన పేరే ఉంది.

మనవాడి మొహం ఎర్రబడింది. "కోట యజమాని లాడం ఇవ్వడు పోశెట్టీ. పుచ్చుకుంటాడు. ఆచారం తెలుసుకో."

"ఎవని కోట సారూ?" అన్నాడు పోశెట్టి. "దొర పోయిండు. నిన్ను తోల్కపోలే గదా. నువ్వు గూడ మా లెక్కనే ఈడికొచ్చినోనివే."

పోశెట్టి వెటకారానికి అనలేదు. అందుకే బాగా తగిలింది. ఆయన లాడం తీసుకుని గోడంతా వెతికి, చివరికి తలుపు పక్కన, అన్నిటికంటే కింద తగిలించాడు. ఆ రోజు కథ ఏమీ చెప్పలేదు.

యుద్ధం ఆగాక ప్లాంటు మళ్ళీ మొదలైంది. స్టోరు లెక్కచూస్తే రాగి కేబుల్ లేదు. క్రేను లేనిదే కదలని డ్రమ్ములు, డ్రమ్ములకి డ్రమ్ములే మాయం. అది వెల్డర్లు చంకలో పెట్టుకుపోయేది కాదని గాడిదకైనా తెలుసు. కానీ ఎవర్నో ఒకర్ని పట్టుకోవాలి కదా. షెడ్లన్నీ సోదా చేశారు. చివరి గదిలో గోడనిండా కంపెనీ ఇనుము. గేటు పాసు లేదు, మేనేజరు ఇచ్చిన అనుమతి నోటిమాటే. పైగా దానిమీద ఎవరికీ అర్థంకాని గుండ్రటి రాతలు.

లాడాలన్నీ పెరికి సెక్యూరిటీ ఆఫీసుకి తీసుకెళ్ళారు. మనవాణ్ణీ, అనుమానం మీద పోశెట్టితో పాటు ఇంకొందరు వర్కర్లనీ నిలబెట్టారు. పేర్లు బయటపడితే ఆ పేర్లున్న ప్రతివాడూ దొంగే. ఆ దేశంలో దొంగతనానికి చెయ్యి పోతుందన్న భయం ప్రతివాడి కడుపులోనూ ఉంది. పోతుందో పోదో తర్వాత సంగతి, భయం మాత్రం నిజం. రాతలు సరిగ్గా చదివాడో లేదో చెప్పే సాక్షి ఒకడు కావాలని తెలుగువాడైన మా ఆయన్ని పిలిపించారు. ఆ గదిలో జరిగింది మా ఆయన చెప్పిందే. కట్టుకథలు చెప్పేంత ఊహాశక్తి ఆయనకి లేదు, కాబట్టి నమ్ముతాను.

ఇనుమంతా బల్లమీద కుప్పగా పోశారు. అటు ఒక పోలీసు అధికారి. ఇటు పాకిస్తానీ సూపర్‌వైజరు, ఆయనే దుబాసీ. పోశెట్టి పేరున్న లాడం మనవాడి చేతికిచ్చి, "క్యా లిఖా హై? పఢో" అన్నాడు.

మనవాడు మెడబొత్తాం సవరించుకున్నాడట. ఉబ్బెత్తు అక్షరాల మీద వేలు నడిపిస్తూ, స్పష్టంగా, ఇంగ్లీషులో, "రట్లాండ్ మొదటి ఎర్ల్" అని చదివాడట.

బోధన్ ఫిట్టరు లాడం రెండో ఎర్ల్ అయింది. జగిత్యాల రిగ్గరు ఒక డ్యూక్ అయ్యాడు. ఒక్కొక్కటే. తడబాటు లేదు. ఇదంతా మా మేనేజరు గారి దేశపు ఆచారం, ఆయన రాస్తున్న పుస్తకం కోసం నమూనాగా చేయించాను, పేర్లన్నీ ఆ దేశపు ప్రభువులవి, ఆయన తిరిగొచ్చాక అడగండి అన్నాడట.

అధికారి మా ఆయన వైపు తిరిగాడు. చదివింది సరేనా అని దుబాసీ అడిగాడు, "ఇంజనీర్ సాబ్, సహీ పఢా?"

"సహీ" అన్నాడు మా ఆయన. నా పెళ్ళైనప్పట్నుంచీ ఆయన అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఆ ఒక్కటే.

చదివినవన్నీ రాయించుకుని, మేనేజరు వచ్చేదాకా మనవాణ్ణి అక్కడే ఉంచారు. మిగిలినవాళ్ళని షెడ్లకి పంపారు, గేటు దాటొద్దని చెప్పి. మాకు కాస్త ఊపిరాడింది. మేనేజరు రావాలి, "అవును, మా ఊరి ఆచారమే" అనాలి. ఒక్క వాక్యం. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

వచ్చాడు. ప్లాంటు పని చూసుకుంటూ, వచ్చిన వారంలోనే సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాడు. మా ఆయన్నీ మళ్ళీ కూర్చోబెట్టారు. అధికారి కాగితం ఇచ్చి, ఇవి మీ దేశపు ప్రభువుల పేర్లేనా అని అడిగించాడు. మేనేజరు జేబులోంచి పెన్సిల్ తీశాడట. పరీక్షపేపరు దిద్దినట్టు ఒక్కో పేరుకీ పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒకచోట, "ఈయన రెండోవాడు కాదు, మూడోవాడు" అని దిద్దాడు కూడా. చివరి పేరు దగ్గర పెన్సిల్ ఆగింది.

"ఇది తప్పు" అన్నాడు. "ఈమె ప్రభువంశం కాదు. పనిమనిషి. చేతబడి చేసి ఎర్ల్ కొడుకుల్ని చంపిందని ఉరితీశారు. ఈమె లాడం ఇచ్చే ప్రశ్నే లేదు."

దుబాసీ కాసేపు తటపటాయించి అరబ్బీలోకి మార్చాడు. సిహ్ర్ అన్నాడు. ఆ దేశంలో చేతబడికి ఆ మాట, దొంగతనం కంటే పెద్ద నేరం. అధికారి కుర్చీ వెనక్కి జరిపాడట. అప్పటిదాకా బల్లమీద చేతులు ఆనించి కూర్చున్నవాడు చేతులు తీసేశాడు. తలకిందులుగా వేలాడదీసిన ఇనుము, అర్థంకాని రాతలు, అందులో ఒక మంత్రగత్తె పేరు. "దయ్యం కూర్చోకుండా" అనే వివరణ కూడా మేనేజరే ఉత్సాహంగా చెప్పాడు.

అంతే, దొంగతనం కేసు ఆ క్షణంలో పోయింది. ఆ ఇనుముని ముట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. రాతలు మళ్ళీ చదివించాలని ఎవరికీ అనిపించలేదు. ఎక్కడికో తీసుకెళ్ళి కరిగించారట. వర్కర్లని వదిలేశారు. మనవాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు.

ఇదీ పోశెట్టి చెయ్యి కథ. దాన్ని కాపాడింది, ఎవరైనా కాపాడారంటే, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేని ఆ మేనేజరు పెన్సిల్. త్యాగమూర్తి అని దండలు వేసేవాళ్ళు ముందు దానికొకటి వెయ్యాలి.

నేను ఆ మేనేజరుని వదల్లేదు. కాంపౌండు దుకాణంలో రొట్టె కొంటుంటే పట్టుకున్నాను. "మీరు ఆ గోడ చూశారు. నవ్వారు. ఫోటో తీసుకున్నారు. ముక్కలు వాడుకోమంది మీరే. ఆ సంగతి వెళ్ళి చెప్పండి" అన్నాను.

"మేడమ్, నన్ను అడిగింది జాబితా సరైనదా కాదా అని. అది సరైనది కాదు."

"మనిషి లోపలున్నాడు."

"నాకూ చాలా బాధగా ఉంది. కానీ తప్పుని ఒప్పని ఎలా అంటాను? చరిత్ర కదా."

"ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి ఆ మాటకి ఇక్కడ ఏమవుతుందో మీకు తెలియదా?"

రొట్టె ప్యాకెట్టు మీద తారీఖు చూస్తూ ఉండిపోయాడు. "ఫోటో అయినా ఇవ్వండి" అన్నాను. అది ఇంగ్లండులో ఉండిపోయిందన్నాడు.

రెండు రంజాన్లు వచ్చి వెళ్ళాక మనవాణ్ణి ఎగ్జిట్ వీసా వేసి ఇంటికి పంపారు. మేం సెలవులో వచ్చినప్పుడు వెళ్ళి చూశాం. గోదావరి ఒడ్డున ఒక చిన్న ట్యుటోరియల్లో చరిత్ర చెబుతున్నాడు. అదే తెల్లచొక్కా, మెడదాకా బొత్తాలు. కుర్చీ చివర కూర్చున్నాడు. మాట్లాడినంతసేపూ వీపు కుర్చీకి ఆనించలేదు. దిండు తెచ్చి పెట్టబోతే, "వద్దమ్మా, అలవాటు పోయింది" అన్నాడు. మా ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఇంక నేను అడగలేదు. అడగకుండా వచ్చిన ఇల్లు నా జన్మలో అదొక్కటే.

కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు జుబైల్‌కి ఫోన్ చేశాడు. గొంతులో పట్టలేని సంతోషం. "అమ్మా, తెలిసిందా? మా రట్లాండ్ మాకు తిరిగి ఇచ్చేశారు! మళ్ళీ కౌంటీ చేశారు!"

"ఎవరికిచ్చారండీ?" అన్నాను. "మీకా?"

"అలా కాదమ్మా..." అని, ఆపి, మిగతాది చెప్పకుండానే పెట్టేశాడు.

అంత జరిగినా ఆ ప్రభువుల మీద మోజు పోలేదు. అందుకే త్యాగం అంటే ఒప్పుకోను అంటున్నాను. పథకం వేసే మనిషి కాదు. గుమ్మం దగ్గర తన రాకని ప్రకటించేవాడి కోసం ఎదురుచూసే మనిషి.

ఇక్కడితో ఆపేద్దును. కానీ ఆయన పోయిన కబురు వచ్చిన రోజు మా ఆయన ఒక మాట చెప్పాడు. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాడు. "ఆ చివరి లాడం, మంత్రగత్తె పేరు చదివాడే, అది ఎవరిదో తెలుసా నీకు? ఆయన సొంతదే. ఆయన పేరే ఉంది దానిమీద."

అప్పట్నుంచీ ఇది నన్ను తినేస్తోంది. అందరికీ ఎర్ల్ అనీ డ్యూక్ అనీ చదివిన మనిషి, తన పేరు దగ్గరికి వచ్చేసరికి ఉరితీసిన పనిమనిషి పేరు ఎందుకు చదివాడు? భయంతో ప్రభువుల పేర్లు అయిపోయాయా? నిద్రలో లేపి అడిగినా యాభైమందిని చెప్పగలడు. దొరకి పరీక్ష పెట్టాడా, తనకోసం ఒక్క తప్పు చూసీచూడనట్టు వదులుతాడా లేదా అని? లేక దొంగ అన్న మాట మంత్రగత్తె అన్న మాటగా ఎలా మారుతుందో, మారితే ఆ కేసు ఏ ఒక్కడి మెడకి చుట్టుకుంటుందో తెలిసే చదివాడా? అదే అయితే సభలో మైకు పట్టుకున్నవాళ్ళది ఒప్పు, నాది తప్పు. అదైనా ఒప్పుకుంటాను, ఎవరైనా రుజువు చూపిస్తే.

సభ అయ్యాక భోజనాల దగ్గర పోశెట్టిని పట్టుకున్నాను. "నువ్వు పక్కనే నిలబడ్డావు కదా. ఆ ఆఖరి పేరు చదివేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంది?"

పోశెట్టి విస్తరిలో అన్నం కలుపుతూ చెయ్యి ఆపాడు. "నేను జూడలేదమ్మా. కిందికి జూసుకుంట నిలవడ్డ. మా అందరిదీ గంతే. నా లాడం ఎప్పుడొస్తదా, ఏమని సదువుతడా, గిదే పానం."

"మీరో?" అన్నాను మా ఆయనతో.

"ఇనుము మీద అక్షరాలు చూస్తున్నాను" అన్నాడు.

ఆ గదిలో ఇంకా వేరేవాళ్ళున్నారు. బోధన్ ఆయన, జగిత్యాల ఆయన, ఇప్పుడెక్కడున్నారో. ఇది చదివితే నాకొక్క మాట చెప్పండి. తన పేరున్న ఇనుము చేతిలో పట్టుకుని ఆ పిల్ల పేరు చదివిన క్షణంలో, మీలో ఒక్కరైనా ఆయన మొహంలోకి చూశారా?